ఒక పాట, ఒక క్యాసెట్టు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి నెల క్రితం ఫోను చేసి, "ఇంజినీరువి కదా, పిల్లలకు పనికొచ్చేలా కరెంటు గురించో ఉద్యోగాల గురించో పావుగంట మాట్లాడు" అన్నాడు. సరేనన్నాను. సబ్‌స్టేషన్ల గురించి నాలుగు కాగితాలు రాసుకొచ్చాను కూడా. అవి జేబులోనే ఉన్నాయి. నిన్న రాత్రి రాజమండ్రిలో రైలు దిగి కారులో వస్తుంటే, రావులపాలెం వంతెన దాటాక డ్రైవరు కుర్రాడు ఒక ఇంగ్లీషు పాట పెట్టాడు. అది 1989 నాటి పాట. ఆ అబ్బాయికి ముప్పై కూడా ఉండవు. "ఇది నీకెలా తెలుసయ్యా?" అని అడిగాను. "ఆయ్, మా ఆవిడ కువైట్‌లో ఉంటదండి. ఈ పాట స్టేటస్ పెడితే చూస్తదండి. మాటలు నాకూ తెలీవు, దానికీ తెలీవు" అన్నాడు.

ఆ మాటతో కరెంటు కాగితాలు జేబులోంచి తీయబుద్ధి కాలేదు. క్షమించండి, ఈ పావుగంటా ఆ పాట గురించే మాట్లాడతాను. ఇంగ్లీషు పాట గురించి మన బడిలో ఏమిటని మా తెలుగు మాస్టారు అనుకోవద్దు. చివరికి ఆయన దగ్గరికే వస్తాను.

ఆ పాట పేరు 'రైట్ హియర్ వెయిటింగ్'. ఇక్కడే ఉండి ఎదురుచూస్తుంటానని అర్థం. రాసిందీ, పాడిందీ రిచర్డ్ మార్క్స్ అనే అమెరికన్. సాఫ్ట్ రాక్ అంటారు ఈ రకాన్ని. పేరులో రాక్ ఉందని భయపడకండి, మన ఘంటసాల అభిమానులు కూడా కళ్ళు మూసుకుని వినవచ్చు. 1989లో 'రిపీట్ అఫెండర్' అనే ఆల్బంలో వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో మూడు వారాలు అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానంలో ఉంది. షికాగోలో పుట్టినవాడు. తండ్రి జాజ్ వాద్యకారుడు, వ్యాపార ప్రకటనలకు పాటలు కట్టేవాడు. చిన్నప్పుడు ఆ ప్రకటనల్లో పాడి, తర్వాత లయొనెల్ రిచీ వెనక కోరస్ పాడి, అలా పైకి వచ్చిన మనిషి.

నేను ఆ పాట మొదటిసారి విన్నది 1990 వేసవిలో. కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. మా మేనమామ దోహా నుంచి సెలవుకి వచ్చాడు. ఆ రోజుల్లో గల్ఫ్ నుంచి మనిషి దిగితే ఇంటికి ఏమొచ్చేవో మీకు చెప్పనక్కర్లేదు. ఒక టూ-ఇన్-వన్, రెండు దుప్పట్లు, సెంటు సీసాలు, ఒక టార్చిలైటు. ఆ టూ-ఇన్-వన్‌తో పాటు అట్ట మీద పేర్లు తప్పుల తడకగా అచ్చయిన క్యాసెట్టు ఒకటి వచ్చింది. అందులో మూడో పాట ఇది. నాకు అప్పటికి ప్రేమా లేదు, దూరమూ లేదు. ఉన్నవి రెండు బ్యాక్‌లాగులు. అయినా అరిగిపోయేలా విన్నాను.

ఇక్కడ ఒక మాట పక్కకి. ఆ మేనమామ పాస్‌పోర్టు నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకసారి తిరగేశాను. ఏయే దేశాలకు చెల్లుతుందో రాసిన చోట దక్షిణాఫ్రికా మినహా అని ఉంది. ప్రపంచంలో అన్ని దేశాలుండగా ఆ ఒక్కదానికీ ఎందుకు వెళ్ళకూడదని మర్నాడు క్లాసులో లేచి అడిగాను. మా సోషల్ మాస్టారు ఆ రోజు పాఠం ఆపేసి, వర్ణవివక్ష గురించి, గాంధీగారిని రైల్లోంచి దింపేయడం గురించి, 1946లోనే మన దేశం దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకోవడం గురించి గంట కొట్టేదాకా చెప్పారు. మాస్టారూ, మీకు గుర్తుండకపోవచ్చు, నాకు ఉంది. తర్వాత 1993లో ఆ దేశంతో మనకు మళ్ళీ దౌత్య సంబంధాలు కుదిరాయని పేపర్లో చదివినప్పుడు మొదట గుర్తొచ్చింది మీరే.

ఈ పక్కదారి ఎందుకు పట్టానంటే, ఆ పాట పుట్టడానికి కారణం దక్షిణాఫ్రికాయే. నాకు ఆ సంగతి పాట విన్న చాలా ఏళ్ళకు తెలిసింది. రిచర్డ్ మార్క్స్ మనసిచ్చిన నటి సింథియా రోడ్స్, 'డర్టీ డాన్సింగ్' సినిమాలో నటించిన ఆవిడ, షూటింగుకని దక్షిణాఫ్రికా వెళ్ళింది. నెలల తరబడి అక్కడే ఉండిపోయింది. ఈయన చూడ్డానికి వెళ్దామని వీసాకు పెట్టుకుంటే ఆ దేశం వాళ్ళు ఇవ్వలేదు. ఊరూరా కచేరీలు చేసుకుంటూ తిరుగుతున్నవాడు, మధ్యలో దొరికిన ఖాళీలో పియానో ముందు కూర్చుని, ఎంతో సేపు పట్టకుండానే ఈ పాట కట్టేశాడు. జనం కోసం కాదు, ఆవిడకు రాసుకున్న ఉత్తరం అది. చుట్టూ ఉన్నవాళ్ళు విని ఇది బయటికి రావలసిందేనన్నారు. ఇద్దరికీ 1989లోనే పెళ్ళయింది.

పాట పొడవు నాలుగున్నర నిమిషాల లోపే. పియానో మెల్లగా మొదలవుతుంది, తర్వాత నైలాను తీగల గిటారు వచ్చి కలుస్తుంది. డ్రమ్ము లేదు. రాక్ అని పేరు పెట్టుకుని డ్రమ్ము లేకుండా దేశమంతా మొదటి స్థానానికి వెళ్ళిన పాట అది. డ్రమ్ము ఉంటే చెవి తాళం లెక్కపెడుతూ ముందుకు పోతుంది, ఎక్కడికో వెళ్తున్నట్టు ఉంటుంది. ఇక్కడ వెళ్ళడానికి లేదు. కూర్చుని ఉండటమే. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాను, సైటులో నలభై డిగ్రీల ఎండలో ట్రాన్స్‌ఫార్మరు పక్కన నిలబడి టెస్టింగు పూర్తయ్యేదాకా ఎదురుచూసిన అనుభవంతో చెబుతున్నాను.

నాకు 1995లో పెళ్ళయింది. మర్నాడు ఏడాది మార్చిలో ఒమాన్ వెళ్ళాను. నిజ్వా దగ్గర ఒక సబ్‌స్టేషను పని, మస్కట్ నుంచి కారులో దాదాపు రెండు గంటలు. ఆరు నెలల్లో ఫ్యామిలీ వీసా ఇప్పిస్తామని మాట ఇచ్చి తీసుకెళ్ళారు కాంట్రాక్టరు మనుషులు. ఆ ఆరు నెలలు మూడున్నరేళ్ళయ్యాయి. జీతం గ్రేడు చాలదని ఒకసారి, ప్రాజెక్టు ముగింపులో ఉందని ఒకసారి, ఫైలు మస్కట్‌లో ఉందని ఒకసారి. రిచర్డ్ మార్క్స్‌కి కనీసం లేదని ఒక్కసారే చెప్పారు.

వీసా వచ్చేదాకా మా కాపురం ఫోను బూతులో, క్యాసెట్టులో జరిగింది. ఊళ్ళో పసుపు బోర్డు బూతు సెంటర్లో ఒకటే ఉండేది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి నేను ఆ బూతుకి ఫోను చేయాలని ఉత్తరంలో రాసుకునేవాళ్ళం. ఆవిడ అయిదున్నరకే వచ్చి బల్ల మీద కూర్చునేది. వెనక పదిమంది వింటుండగా ఏం మాట్లాడుతుంది? "బాగున్నాను. మీరు? అత్తయ్యగారు బాగున్నారు. మావయ్యగారు బాగున్నారు." అంతే. దానికి తోడు ఆ అరసెకను.

పదో తరగతి పిల్లలు ఇక్కడున్నారు కాబట్టి ఈ ఒక్క లెక్క చెప్పి తీరతాను, కార్యదర్శి కూడా సంతోషిస్తాడు. మాట ఉపగ్రహం మీదుగా వెళ్తే, ఆ ఉపగ్రహం భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. పైకి 36,000, కిందికి 36,000, మొత్తం 72,000. సంకేతం వేగం సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు. భాగించండి. దాదాపు పావు సెకను. అవతలి వాళ్ళ జవాబు రావడానికి ఇంకో పావు. అంటే నేను "ఎలా ఉన్నావు?" అని అడిగాక, ఆవిడ వెంటనే జవాబు చెప్పినా నాకు అరసెకను నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఏమైందోనని నేను మళ్ళీ మాట్లాడేవాణ్ణి. సరిగ్గా అప్పుడే ఆవిడ మొదటి జవాబు వచ్చి నా మాట మీద పడేది. ఇద్దరం ఆగేవాళ్ళం. ఇద్దరం మళ్ళీ ఒకేసారి మొదలుపెట్టేవాళ్ళం. మీటరు మీద ఎర్ర అంకెలు మాత్రం ఆగేవి కావు. ఆ పాటలోనూ ఫోను ప్రస్తావన ఉంది, గొంతు వినిపించినా బాధ తీరదన్న భావంతో. బాధ సంగతి కవికి తెలుస్తుంది, ఆ బాధలో సగం అరసెకనుదని ఇంజినీరుకి తెలుస్తుంది.

అందుకే క్యాసెట్టు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళందరం అదే చేసేవాళ్ళం. ఊరెళ్ళేవాడి చేతికి మాటలు రికార్డు చేసిన క్యాసెట్టు ఇస్తే, ఇంట్లో వాళ్ళు విని, అదే క్యాసెట్టు మీద జవాబు రికార్డు చేసి, వచ్చేవాడి చేత పంపేవారు. అదే క్యాసెట్టు అన్నది గమనించండి. కొత్తది కొనడం ఎందుకు, ఖర్చు. కాబట్టి ప్రతి జవాబూ ముందు మాటని చెరిపేసేది. ఉత్తరాలైతే ట్రంకు పెట్టెలో మిగులుతాయి. క్యాసెట్టులో ఎప్పుడూ ఆఖరి మాటే మిగులుతుంది.

1997లో మాకు పాప పుట్టింది. నేను లేను. పాపకి రెండో నెలలో మా ఆవిడ ఒక క్యాసెట్టు పంపింది. అట్ట మీద తన చేతిరాతతో తేదీ వేసింది. అందులో తను మాట్లాడింది తక్కువ. ఉమ్మడి ఇంట్లో గది తలుపు వేసుకుని మొగుడితో టేపులో మాట్లాడటానికి సిగ్గుపడి, టూ-ఇన్-వన్ వసారాలో పెట్టి బటను నొక్కి వదిలేసిందట. ముప్పై నిమిషాల మా ఇల్లు. పెరట్లో గేదె, తలుపు కిర్రుమనడం, అమ్మ ఎవరినో కేకేయడం, కాలువ గట్టు మీద వెళ్ళే సైకిలు బెల్లు, పాప ఏడుపు, ఊయల గొలుసు చప్పుడు. మధ్యలో మా నాన్నగారు టేపు దగ్గరికి వచ్చి, దగ్గి, "ఏరా, వేళకి తింటున్నావా?" అని అడిగి, జవాబు కోసం ఆగినట్టు కాసేపు ఆగి, "సరే" అని వెళ్ళిపోయారు. ఆయన టేపుని కూడా ఫోననే అనుకున్నారు.

నెల రోజులు రోజూ రాత్రి అది విన్నాను. క్యాంపులో నా గదిలో ఉండే మలయాళీ వెల్డరుకి కూడా మా గేదె గొంతు తెలిసిపోయింది.

ఒక రాత్రి పదకొండింటికి తెలిసింది, మన మండలం మనిషి ఒకడు తెల్లవారుజామున నాలుగింటికి ఊరెళ్తున్నాడని. క్యాంపు దుకాణం మూసేశారు. ఖాళీ క్యాసెట్టు లేదు. ఆ క్యాసెట్టే ఉంది. పాప మళ్ళీ ఏడుస్తుంది కదా, మళ్ళీ రికార్డు చేస్తుందిలే అనుకున్నాను. పక్క గది నుంచి ఇంకో టేపు రికార్డరు తెచ్చి, ముందు రెండు నిమిషాలు ఏదో మాట్లాడి, తర్వాత ఈ పాట రికార్డు చేశాను. మొదటిసారి పెద్దగా రాలేదని మళ్ళీ చేశాను. అలా రెండో వైపు కూడా పాటలతో నింపేశాను. ఎంతో ప్రేమగా చేశాననుకున్నాను.

మర్నాడు ఏడాది నాన్నగారు పోయారు. నేను వచ్చేసరికి మూడో రోజు. ఆయన గొంతు రికార్డయింది జీవితంలో ఆ ఒక్కసారే.

ఈ మాట నేను ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు. మా అమ్మకి ఇప్పటికీ తెలియదు. మా ఆవిడకి ఆ క్యాసెట్టు అందిన రోజే తెలిసింది, అట్ట మీద తన రాత తనకు తెలుసు కదా. ఒక్క మాట అనలేదు. ఆ క్యాసెట్టు మాత్రం మళ్ళీ తిరిగి పంపలేదు. తర్వాతి జవాబు కొత్త క్యాసెట్టులో వచ్చింది. పాట గురించి ఏమనుకున్నావని శుక్రవారం బూతులో అడిగాను. అర్థం అడిగింది. నేను చెప్పాను, ఇక్కడే ఉండి నీ కోసం ఎదురుచూస్తుంటానని. అరసెకను ఆగింది. ఈసారి ఉపగ్రహానికి పట్టిన దానికన్నా ఎక్కువే ఆగింది. "వెళ్ళింది మీరు కదండీ. ఇక్కడే ఉన్నది నేను. ఆ పాట నేను కదా పాడాలి?" అంది. వెనక బల్ల మీద పదిమంది ఉన్నారని కూడా చూసుకోలేదు.

ఇదిగో, ఇప్పుడు మా తెలుగు మాస్టారి దగ్గరికి వస్తున్నాను. పదో తరగతిలో ఆయన మాకు అష్టవిధ నాయికలను చెప్పారు. పిల్లలం కిసుక్కున నవ్వుతుంటే బెత్తం బల్ల మీద కొట్టి మరీ చెప్పారు. భర్త పరదేశం వెళ్ళిన నాయికని ప్రోషితభర్తృక అంటారు. నోరు తిరక్క నేను మూడుసార్లు తప్పు పలికాను, మూడుసార్లు నిలబెట్టారు. అదే పీరియడులో మేఘసందేశం కథ కూడా చెప్పారు. యజమాని శాపం వల్ల ఏడాది పాటు రామగిరిలో ఉండిపోయిన యక్షుడు, అలకాపురిలో ఉన్న భార్యకు మేఘంతో కబురు పంపడం. నిజ్వా కొండల మధ్య నేను నన్ను ఆ యక్షుడిననుకునేవాణ్ణి. కంపెనీ శాపం, ఏడాది బదులు మూడున్నర. మా ఆవిడ ఆ ప్రశ్న వేశాక ఆ కావ్యం మళ్ళీ తీసి చదివాను. అంత పెద్ద కావ్యంలోనూ మాట్లాడేది దూరం వెళ్ళినవాడే. దారి పొడుగునా ఏ కొండ, ఏ నది వస్తుందో అన్నీ ఆయనే చెబుతాడు. ఇంట్లో ఆవిడ ఎలా చిక్కిపోయిందో, రోజులు ఎలా లెక్కపెట్టుకుంటోందో కూడా ఆయనే ఊహించి చెబుతాడు. ఆవిడ జవాబు మనకు అందదు. నాకు అందింది, గేదెతో సహా, దాన్ని నేను చెరిపేశాను.

రిచర్డ్ మార్క్స్‌కి ఆ పాట పాడే హక్కుంది. దూరదేశం వెళ్ళింది ఆవిడ, ఆగిపోయింది ఆయన. ఇంకో సంగతి చెప్పాలి. బార్బ్రా స్ట్రైసాండ్ అని మహా గాయని, ఆవిడ తనకొక పాట కావాలంటే ఈయన ముందు దీన్నే పంపాడట. బాణీ బాగుంది గానీ మాటలు మార్చు, నేను ఎవరి కోసమూ ఎదురుచూస్తూ కూర్చునే మనిషిని కాను అని కబురు పెట్టిందట. మార్చకుండా ఈయనే పాడుకున్నాడు. ఈ కథ మా ఆవిడకి చెబితే, "ఆవిడెవరో గానీ భలే చెప్పింది" అని రెండు రోజులు తలుచుకుని నవ్వింది. రిచర్డ్ మార్క్స్ దంపతులు 2014లో విడాకులు తీసుకున్నారు. అది తెలిసినప్పుడు నాకు, ఏమిటో, మనసు చివుక్కుమంది. ఇంత పాట కట్టి ఇదేమిటని. మా ఆవిడ మాత్రం, "ముగ్గురు కొడుకులు, పాతికేళ్ళ కాపురం. ఆ పాట చేయాల్సిన పని చేసిందిగా" అని కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టి వెళ్ళింది.

టేపు రికార్డరులో చెరిపే హెడ్డు అని ఒకటి ఉంటుంది. కొత్త మాట పడేముందు టేపు దాని మీదుగా జారి, పాత మాట చెరిగిపోతుంది. చవక యంత్రాల్లో ఆ పని పూర్తిగా జరగదు. హెడ్డు ఒక వెంట్రుకవాసి పక్కకు ఉన్నా, టేపు అంచున పాత శబ్దం కాస్త మిగిలిపోతుంది. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు, పాత టేపులు విన్నవాళ్ళకు తెలుసు. మా క్యాసెట్టులో నా మాటలు అయిపోయి పియానో మొదలయ్యే ముందు ఒక నాలుగు సెకన్ల ఖాళీ ఉంది. పోయినేడు మా అమ్మాయి, అదే ఆ పాప, మెల్‌బోర్న్ నుంచి సెలవుకి వచ్చినప్పుడు దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, ఆ ఖాళీని పెద్దది చేసి వినిపించింది. బుస్‌మన్న చప్పుడు కింద ఏదో ఉంది. దగ్గులా ఉందని నేనంటాను. ఊయల గొలుసని అమ్మాయి అంటుంది. "అది టేపు చప్పుడండి" అంటుంది మా ఆవిడ. మా ముగ్గురికీ అది ఇంకా తేలలేదు.

నిన్న రాత్రి కారు దిగేటప్పుడు ఆ డ్రైవరు కుర్రాడికి పాట అర్థం చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆయ్, అయితే సరిగ్గా నా పాటేనండి" అన్నాడు. వాళ్ళావిడకి పాస్‌పోర్టు ఇంకా చేతికి ఇవ్వలేదట, రెండేళ్ళ ఒప్పందం అయిపోయి అయిదు నెలలైందట. ఇంటి దగ్గర మూడేళ్ళ కొడుకు ఉన్నాడు. రోజూ వీడియోలో మాట్లాడుకుంటున్నారు, అరసెకను కూడా లేదు. ఈ సభలో గల్ఫ్ వ్యవహారాలు తెలిసినవాళ్ళు, వకీళ్ళు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు ఉన్నారు. ఆ అబ్బాయి బయట చింతచెట్టు కింద కారు దగ్గరే ఉన్నాడు. భోజనాల వేళ ఒక్కసారి వెళ్ళి పలకరించండి.

క్యాసెట్టు నాతో తెచ్చాను. మన సైన్సు ల్యాబు బీరువాలో పాత ఫిలిప్స్ టేపు రికార్డరు ఇంకా ఉందని, మోగుతోందని ఇందాకే మాస్టారు చెప్పారు. అనుమతిస్తే పాట వినిపిస్తాను. ముందు రెండు నిమిషాలు నా సోదే ఉంటుంది, ఓర్చుకోవాలి. తర్వాత ఆ ఖాళీ వచ్చినప్పుడు మాత్రం దయచేసి ఎవరూ కుర్చీలు జరపకండి.